తిత్తి లోపలి అతుకు

బీటన్ల ఇంట్లో మగవాళ్ళకి దగ్గు వంశపారంపర్యమని దీవిలో అందరికీ తెలుసు. ఫలానావాళ్ళది ఎర్ర జుట్టు, ఫలానావాళ్ళది ముక్కోపం, బీటన్లది దగ్గు. తరతరాలుగా పైపు, అంటే చంకలో తోలుతిత్తి నొక్కుతూ వాయించే బ్యాగ్‌పైపు, ఊదే ఇల్లు కాబట్టి ఆ దగ్గుకి కాస్త గౌరవం కూడా ఉండేది. గాలిని అంత దుబారాగా ఖర్చుపెట్టేవాళ్ళకి అది తొందరగానే అయిపోతుందని దుకాణం అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు ఎప్పుడో తేల్చేశారు. టోర్కిల్ బీటన్ ఆ మాట వింటూ పెరిగాడు, వింటూనే అరవైకి దగ్గరపడ్డాడు, ఏనాడూ దాన్ని అనుమానించలేదు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో అతని దగ్గు ముదిరింది. పశువుల కొట్టం నుంచి ఇంటి గడప దాకా వచ్చేలోపు ఒకసారి గోడ పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. నిలబడింది ఎవరూ కనిపెట్టకుండా, గోడలో రాయి ఏదైనా కదిలిందేమో చూస్తున్నట్టు నటించేవాడు. భార్య ఎఫీ వంటింటి కిటికీలోంచి ఈ నాటకమంతా చూసేది.

"ఆ గోడకేం కాలేదులే, మీ తాత కట్టిందది. లోపలికి రావయ్యా, సూప్ చల్లారిపోతోంది."

"వస్తున్నా. రాయి వదులైంది."

"ఏది వదులైందో నాకు తెలుసు."

ఆ ఇంటి పైపు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎప్పుడు మారాలో చెప్పే పద్ధతి ఒకటుంది. వాళ్ళు పెద్ద పాట అని పిలుచుకునేది ఎక్కడ మొదలవుతుందో అక్కడికే తిరిగి రావాలి. మొదట్లో నెమ్మదిగా సాగే భాగాన్ని నేల అంటారు. ఆ నేల మీద వేళ్ళ పని అంతస్తు మీద అంతస్తుగా పెరుగుతూ పోతుంది. ఎంత ఎత్తుకి పోయినా చివర్లో మళ్ళీ ఆ నేలనే వాయించి ఆపాలి. ఏ బీటన్ అయినా తిరిగి నేల మీదికి రాలేకపోతే, ఇక పైపు దించి తర్వాతివాళ్ళ చేతికి ఇవ్వాల్సిందే. ఆగస్టులో దీవి ఆటల పండగ రోజున, అందరి ముందూ, టోర్కిల్ రాలేకపోయాడు. చివరి అంతస్తులో కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. చంకలో తిత్తి సడలిపోయింది, భుజం మీద శ్రుతిగొట్టాలు మూడూ మూలిగి ఊరుకున్నాయి. జనం మర్యాదకి చప్పట్లు కొట్టారు. అంత సిగ్గు అతను ఎప్పుడూ పడలేదు.

కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, మార్సలీ. గ్లాస్గోలో బడిపిల్లలకి పైపు నేర్పుతూ ఉండేది. కబురు అందగానే అక్కడ పని మానుకుని వచ్చేసింది. ఆడపిల్ల చేతికి బీటన్ల పైపా అని అరుగు మీద రెండు మూడు రోజులు గొణిగారు గానీ, ఆ పిల్ల వేళ్ళు వాళ్ళకీ తెలుసు. అందరిలోకీ పెద్దవాడైన గిల్లీస్ ముసలాయన ఒక్క మాటతో ఆ గొణుగుడు ఆపేశాడు: "మన మనవళ్ళకి ఫోను పట్టుకోవడం తప్ప ఇంకేం వచ్చు? నోళ్ళు మూసుకోండి."

పైపు ఇచ్చిపుచ్చుకునేది ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, ఇంట్లో, ఊరందరి ఎదుట అని ఖాయమైంది.

అంతకు ముందు ఒక పని ఉంది. గొట్టాల చెక్క నూరేళ్ళయినా ఉంటుంది కానీ తిత్తి తోలుది, గొర్రె తోలు. తరానికొకసారి కొత్త తోలు కుట్టాలి. కుట్టేటప్పుడు పాత తిత్తి అడుగు నుంచి అరచేయంత ముక్క కోసి, కొత్త తిత్తి లోపలి వైపు అతుకు వెయ్యాలి. ఆ ముక్కలో అంతకు ముందు తరం ముక్క, దాని లోపల ఇంకా ముందుది. పెద్దల ఊపిరి అందులో ఉంటుందని, ఆ అతుకు లేకపోతే బీటన్ల పైపు అలా మోగదని నమ్మకం. దీవిలో ఇంకే ఇంట్లోనూ ఈ ఆచారం లేదు, అందుకని ఆ ఇంటివాళ్ళకి అది మహా గొప్ప. టోర్కిల్ తండ్రి ఫార్కర్ చనిపోయేముందు, మాట కూడా పెగలని స్థితిలో, కొడుకు చెయ్యి పట్టుకుని తిత్తి మీద పెట్టి అతుకు ఉన్న చోటు తడిమించాడు. టోర్కిల్ అప్పటికి బడికి వెళ్ళే కుర్రాడు. ఆ స్పర్శ అతనికి ఇప్పటికీ గుర్తే.

ఆదివారానికి ఎనిమిది రోజుల ముందు, శనివారం పొద్దున, టోర్కిల్ కొట్టంలో కిటికీ పక్కన బల్ల మీద పాత తిత్తిని పెట్టుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. పెళ్ళయిన కొత్తలో తనే కుట్టిన తిత్తి. అప్పటినుంచీ, గాలి కారకుండా తేనె, నల్లటి బెల్లప్పాకం కాచి లోపల పోసి పిసకడం తప్ప, దాన్ని ఎన్నడూ విప్పి చూడలేదు. కడగకూడదని తండ్రి మాట. కడిగితే పైపు గొంతు పోతుందట.

ఆఖరి కుట్టు తెగగానే తోలు దానంతట అదే నోరు తెరిచింది.

లోపల నల్లగా ఉంది. తోలు నలుపు కాదు. ముట్టుకుంటే వేలికి అంటుకునే, పిల్లి బొచ్చులా మెత్తటి నలుపు. మధ్యమధ్య బూడిద రంగు మచ్చలు, ఒక మూల పచ్చటి తడి. అన్నిటికంటే దట్టంగా ఉన్నది అతుకు చుట్టూనే. అక్కణ్ణుంచి పుట్టి నలువైపులా పాకినట్టుంది. వెలుగులోకి తేగానే సన్నటి పొడి లేచి కిటికీ ఎండలో తిరిగింది. టోర్కిల్‌కి దగ్గు తెర వచ్చింది. బల్ల పట్టుకుని వంగిపోయాడు. తెర తగ్గాక ముక్కు తుడుచుకుంటుంటే ఆ వాసన సోకింది. కొత్త వాసన కాదది. పొద్దున్నే లేచి మొదటిసారి దగ్గినప్పుడు తన గొంతులోంచి వచ్చే వాసన అది.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. మొదట ఏమీ ఆలోచించలేదు. తర్వాత ఆలోచనలు వద్దన్నా వచ్చాయి.

ఏప్రిల్లో తుంటి ఎముక మార్పించుకోవడానికి గ్లాస్గో వెళ్ళాడు. ఆపరేషను అయ్యాక, మార్సలీది ఒంటి గది కాబట్టి, ఎఫీ పినతల్లి కూతురింట్లో జూన్ దాకా ఉండిపోయాడు. పైపు తీసుకెళ్ళలేదు. ఆ రోజుల్లో దగ్గు మాయమైంది. కర్ర పట్టుకుని మూడో అంతస్తుకి మెట్లెక్కాడు. దీవి గాలి కంటే గ్లాస్గో బస్సుల పొగే తనకి పడిందని ఊరికొచ్చి నవ్వుతూ చెప్పాడు, అందరూ నవ్వారు. ఆసుపత్రిలో డాక్టరు పిల్ల అతని రొమ్ము చప్పుడు విని అడిగింది కూడా: ఇంట్లో పావురాలున్నాయా, బూజు పట్టిన గడ్డి తిరగేస్తారా, ఆ పొడి ఊపిరికి చేటు, అని. లేదన్నాడు. పైపు సంగతి చెప్పాలని అతనికి తట్టనే లేదు. ఇంట్లో ఏమేం ఉన్నాయని అడిగితే ఎవరైనా తమ చెయ్యి గురించి చెబుతారా?

అతని తండ్రి ఫార్కర్ యుద్ధంలో జర్మన్లకి చిక్కి అయిదేళ్ళు ఖైదులో ఉన్నాడు. బంగాళాదుంప తొక్కలు తిని బతికాడు. ఎముకల గూడులా తిరిగొచ్చాడు కానీ రొమ్ము మాత్రం గంటలా ఉండేదట. ఇంటికొచ్చి, కడుపునిండా తిని, పైపు అందుకున్నాకే దగ్గు పట్టుకుంది. యుద్ధం ఆయన ఊపిరి తినేసిందని ఊరంతా అంది. "జర్మన్ గాలే నయం రా," అని ఆయనే వేళాకోళమాడేవాడు. ఆ వేళాకోళం ఇప్పుడు టోర్కిల్ చెవిలో వేరేగా వినబడింది.

అతుకు వైపు చూశాడు. పెద్దల ఊపిరి ఉందని ఎవరు చెప్పారో గానీ అబద్ధం చెప్పలేదు. ఉంది. తాతని తిన్నది నాన్నకి, నాన్నని తిన్నది తనకి, జాగ్రత్తగా, ప్రేమగా, మైనం దారంతో కుట్టి ఇచ్చారు. వచ్చే ఆదివారం తను మార్సలీకి ఇవ్వబోతున్నాడు.

భయపడ్డాడు, ఆ భయం వెనకే సిగ్గుపడ్డాడు. ఈ మాట బయటికెలా చెప్పడం? తన ఇంటి గొప్పంతా బూజు అని గిల్లీస్‌తో చెప్పడమా? చచ్చిపోయిన నాన్న చేసిందేమిటో మార్సలీతో చెప్పడమా? చెప్పక్కర్లేదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అతుకు వెయ్యకుండా కుట్టేస్తే సరి. లోపల ఉందో లేదో ఎవరు చూడొచ్చారు?

కొత్త తిత్తిని అతుకు లేకుండానే కుట్టాడు. గొట్టాలనీ, నోట్లో పెట్టుకునే ఊదుగొట్టాన్నీ వేడినీళ్ళతో రుద్ది కడిగాడు. పాత తోలుని పొయ్యిలో వెయ్యాలని ఇంటి దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళాడు. అతుకులో ఉన్నది తండ్రి చెయ్యి తగిలిన తోలు. కాల్చడానికి చేతులు రాలేదు. గోనెసంచిలో చుట్టి కొట్టం దూలం మీద, ఎవరికీ అందని చోట, మూలకి తోసేశాడు. ఆ ఒక్క పని పూర్తిగా చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

సోమవారం మార్సలీ పైపు తీసుకుంది. కొత్త తోలు దారికి రావాలంటే రోజూ ఊదాలి. వంటింట్లో ఊదితే గిన్నెలు పగులుతాయని ఎఫీ ఒప్పుకోదు కాబట్టి కొట్టంలో వాయించుకునేది. మొదటిరోజు శబ్దం బిగుసుకుపోయి, చలిలో నిలబెట్టిన దూడ అరిచినట్టు వచ్చింది. టోర్కిల్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని వింటూ, పోనీలే, బతికుంటే చాలు అనుకున్నాడు.

మంగళవారం సాయంత్రం గొంతు మారింది. శ్రుతిగొట్టాలు లోతుగా, నూనె పోసినట్టు కలిసిపోయి మోగాయి. అచ్చం ఆ ఇంటి గొంతు. టోర్కిల్ చెంచా కింద పెట్టేశాడు.

"వింటున్నావా?" అన్నాడు.

"వినక చస్తానా? పెళ్ళయినప్పటినుంచీ అదే వింటున్నా," అంది ఎఫీ.

"అది అతుకు వల్ల కాదే. ఎప్పుడూ కాదు. చేతిలోనే ఉంది."

"ఏమిటా మాటలు? జ్వరమేమైనా వచ్చిందా నీకు?"

ఆ వారం అతను సంతోషంగా ఉన్నాడు. అన్నేళ్ళలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. గోడ పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా నటించడం మానేశాడు. తన ఊపిరి పోతే పోయింది, కూతురి ఊపిరి మిగిలింది. శుక్రవారం భోజనాల దగ్గర మార్సలీ రెండుసార్లు గొంతు సవరించుకుంది. అతని చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఏమ్మా?"

"ఏం లేదు నాన్నా. ఒళ్ళు వెచ్చగా ఉంది, జలుబు చేస్తున్నట్టుంది."

"వానలో టోపీ లేకుండా తిరిగితే చెయ్యదా మరి?" అంది ఎఫీ. వాన నిజమే, టోపీ లేకపోవడమూ నిజమే. టోర్కిల్ రొట్టె తిన్నాడు.

ఆదివారం పూజ నుంచి జనం నేరుగా ఇంటికే వచ్చారు. బయట గాలి, సన్నటి వాన. లోపల పీట్ అనే ఎండు బురదగడ్డలు మండుతున్న పొయ్యి, తడి ఉన్ని కోట్ల వాసన. ఎఫీ ఓట్స్ రొట్టెలు, జున్ను బల్ల మీద పెట్టింది. జున్ను కోసే కత్తి పక్కనే ఉంది. గిల్లీస్ ముసలాయన పొయ్యి పక్క కుర్చీలో విస్కీ గ్లాసుతో సర్దుకున్నాడు. మాటలు సద్దుమణిగాయి. అడగాల్సింది ఆయనే.

"ఒరే టోర్కిల్. లోపల ఉందా?"

ఇంట్లో అందరూ అతని వైపు చూశారు. ఈ ప్రశ్నకి ఆ ఇంట్లో ఇంతవరకూ అందరూ నిజమే చెప్పారు.

"ఉంది," అన్నాడు.

గిల్లీస్ తల ఊపి గ్లాసు ఎత్తాడు. టోర్కిల్ పైపుని రెండు చేతులా పట్టుకుని మార్సలీ దగ్గరికి నడిచాడు. ఆమె పైపు అందుకుని, భుజాన వేసుకుని, అతని బుగ్గ మీద ముద్దుపెట్టే నెపంతో చెవి దగ్గరికి వంగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"భయపడకు నాన్నా, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. అతుకు వెయ్యడం మర్చిపోయావు కదూ? సోమవారం చెయ్యి పెట్టి తడిమితే దొరకలేదు. కొట్టమంతా వెతికాను, దూలం మీద దొరికింది. ఆ రాత్రే విప్పి కుట్టేశాను. నీ పరువు పోనిస్తానా?"

అని ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంది.

తిత్తి ఉబ్బింది. శ్రుతిగొట్టాలు మోగాయి. నేల మొదలైంది.

టోర్కిల్ ఎలా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడో అతనికే తెలియదు. ఎదురుగా కూతురు కళ్ళు మూసుకుని వాయిస్తోంది. ఆమె బుగ్గలు నిండడం, ఊదుగొట్టం పెదవుల మధ్య ఉంచుకునే గాలి లోపలికి గుంజుకోవడం, మళ్ళీ నిండడం. లేవాలి. లేస్తే ఏమంటాడు? ఇందాక ఉంది అన్నాడు. పెద్ద పాట మధ్యలో నోరెత్తిన మనిషి ఆ దీవిలో లేడు. గిల్లీస్ కళ్ళు మూసుకుని గడ్డం ఆడిస్తున్నాడు. పాట అయ్యాక చెబుదాం, అందరూ వెళ్ళాక చెబుదాం. నేల అయిపోయింది. మొదటి అంతస్తు కూడా అయింది. పరువు కోసం కూతుర్ని ఇంకెంత ఎత్తు ఎక్కనిస్తావురా అని లోపల ఎవరో అడిగారు. నాన్న గొంతులా ఉంది.

మార్సలీ రెండో అంతస్తు ఎత్తుకోబోతూ చిన్నగా తడబడింది. ఊదుగొట్టం పక్కనుంచి ఒక్క దగ్గు. పొడి దగ్గు. వెంటనే సర్దుకుంది, ఎవరూ గమనించలేదు. ఒక్క మనిషి గమనించాడు.

టోర్కిల్ లేచాడు. బల్ల మీద జున్ను కత్తి అందుకుని, రెండంగల్లో చేరి, ఆమె చంక కింద తిత్తిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చీల్చేశాడు.

శ్రుతిగొట్టాలు ఒకటొకటిగా పడిపోయాయి. ఎవరిదో గ్లాసు కింద పడింది.

మార్సలీ కత్తి వైపు, తండ్రి వైపు చూసింది. నోటి నుంచి ఊదుగొట్టం జారింది.

"నాన్నా," అంది. "ఎందుకు?"

చెబుదామని నోరు తెరిచాడు. చెప్పాల్సిందంతా గొంతు దాకా వచ్చింది. దాని ముందు దగ్గు వచ్చింది. ఎప్పుడూ రానంత పెద్ద తెర. మోకాళ్ళ మీద కూలి, ఒక చేత్తో నేల పట్టుకుని, ఇంకో చేత్తో తిత్తిని చూపిస్తూ, తన రొమ్ముని చూపిస్తూ, మళ్ళీ తిత్తిని చూపిస్తూ దగ్గుతున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. వెనక నుంచి ఒక గొంతు, "తను వాయించలేనిది ఆ పిల్ల వాయిస్తుంటే ఓర్వలేకపోయాడు," అంది. మార్సలీ ఆ మాట విన్నది. ఆమె ముఖం పాలిపోయింది.

ఎఫీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భర్త దగ్గరికి వెళ్ళబోయి, అతని వేలు దేన్ని చూపిస్తోందో చూసి ఆగింది. మార్సలీ చేతిలోంచి పైపు తీసుకుని, చీలిన తోలుని వేళ్ళతో విప్పింది. కొత్త తెల్ల తోలు లోపల, తీరుగా కుట్టిన నల్లటి అతుకు. దాని అంచుల చుట్టూ బూడిద రంగు నూగు అప్పుడే బయల్దేరింది. ఎఫీ దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"ఇది నీ దిండు వాసన," అంది భర్తతో, అందరూ వింటుండగా, చాలా మెల్లగా. "పెళ్ళయినప్పటినుంచీ ఉతుకుతున్నాను. ఎంత ఉతికినా పోదు. మీ వంశం వాసన అనుకున్నాను."

గిల్లీస్ ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. ఫార్కర్ శవపేటికని మోసినవాళ్ళలో ఆయనొకడు.

ఎఫీ అతుకుని ఒక్క లాగు లాగి పీకి, పొయ్యిలో పడేసింది. కొట్టంలో పాత తోలు ఏమైనా మిగిలుంటే అదీ తెచ్చెయ్యమని ఎవరికో చెప్పింది. వాకిలి తలుపు తెరుచుకుంది, వానగాలి లోపలికి కొట్టింది.

టోర్కిల్‌కి దగ్గు నెమ్మదించింది. పెదవుల మీద తడి తుడుచుకుని, కూతురి కాలు పట్టుకుని, కుర్చీ ఆసరాగా లేచాడు.

"సోమవారం రాత్రి కుట్టానన్నావా?"

"అవును నాన్నా."

"మంగళవారం నుంచీ ఊదావు."

"రోజూ. పొద్దునా సాయంత్రం." ఆమెకి ఇప్పుడు అర్థమవుతోంది. చెయ్యి దానంతట అదే రొమ్ము మీదికి వెళ్ళింది. "నాన్నా, నాది జలుబేగా?"

అతను ఆమెను వెనక్కి తిప్పాడు. చిన్నప్పుడు పాలు పొరబోతే చేసినట్టు, రెండు భుజాలూ పట్టుకుని ఆమె వీపుకి చెవి ఆనించాడు. ఏ శ్రుతిగొట్టం వెంట్రుకవాసి తప్పినా పట్టే చెవి అది. ఆ చెవికి ఏమీ వినబడకూడదని దేవుణ్ణి వేడుకోవడం అదే మొదటిసారి.

"ఊపిరి తీసుకో తల్లీ."

తీసుకుంది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. చెవి కాస్త కిందికి జరిపాడు.

"మళ్ళీ తీసుకో," అన్నాడు.